కాలేజీ బాస్కెట్‌బాల్ ఫార్వర్డ్ ప్రొఫెషనల్‌గా నిలబడతాడో లేదో ఎలా చెప్తారు? రాలీకి కొత్త, హెల్ప్ కావాలి

కొత్త స్టూడెంట్, రాలీ:
అందరికీ నమస్తే. ఈ ఫాల్‌లో ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ)లో ఎంఎస్‌కి వచ్చాను, మాది ఖమ్మం. డేటా క్లాస్‌లో గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చారు, మా గ్రూప్‌లో మిగతా ముగ్గురూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, కాలేజీ బాస్కెట్‌బాల్ ఫార్వర్డ్స్ (ఎక్కువగా బాస్కెట్ దగ్గర్లో ఆడే పొడుగాటి ప్లేయర్లు)లో ఎవరు ప్రొఫెషనల్ అవుతారో చెప్పే మోడల్ చేద్దామని ఫిక్స్ అయిపోయారు. నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు. మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లు కొట్టాడో తీసుకుంటే సరిపోతుందా? తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.

కేరీ నుంచి:
వెల్‌కమ్ తమ్ముడూ. పాయింట్లు ఒక్కటే పట్టుకుంటే మాత్రం సరిపోదు, రంజీలో పరుగుల వరద పారించినవాళ్లంతా పెర్త్ పిచ్ మీద నిలబడలేరు కదా, ఇదీ అంతే.

మీ కాలేజీ సంగతే తీసుకో. 2024 మార్చిలో డీజే బర్న్స్ అని ఫార్వర్డ్ ఉండేవాడు, 6 అడుగుల 9 అంగుళాలు, 275 పౌండ్లు, ఎడమ చేతివాటం, బాస్కెట్‌కి వీపు పెట్టి భుజంతో నెమ్మదిగా నెట్టుకుంటూ వెళ్లి ఎంత మెత్తగా వేసేవాడో. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి ఏసీసీ (మీ కాలేజీ ఆడే లీగ్) టైటిల్ కొట్టారు, ఆ తర్వాత దేశం మొత్తం టోర్నమెంట్‌లో 11వ సీడ్‌గా ఉన్న ఈ టీమ్ ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్) దాకా వెళ్లింది, డ్యూక్ యూనివర్సిటీ మీద అతనొక్కడే 29 పాయింట్లు. ఊరు ఊరంతా నెత్తిన పెట్టుకుంది. ఆ జూన్‌లో ఎన్‌బీఏ (ఇక్కడి టాప్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునేచోట, ఎవరూ తీసుకోలేదు, కొరియా లీగ్‌కి వెళ్లాడు.

ఎందుకంటే ఎన్‌బీఏలో ఎదుటి టీమ్ పిక్ అండ్ రోల్ (ఒకడు అడ్డం నిలబడి బాల్ ఉన్నవాడికి దారి చేసే ఆట) ఆడి అలాంటి పెద్ద మనిషిని కావాలనే త్రీ పాయింట్ లైన్ (దీని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) దగ్గరికి లాగుతుంది, అక్కడ చురుకైన గార్డ్ (బాల్ ఆడించే చిన్న ప్లేయర్) ఎదురుగా బాల్ ఆడిస్తుంటే కాళ్లు కదలాలి, కదలకపోతే ప్రతిసారీ అతని మీదకే వస్తారు. ఇంకోటి, అతను బయట నుంచి షాట్ వేయడు కాబట్టి అతన్ని కాచుకునేవాడు లోపలే ఉండిపోయి మిగతా నలుగురికీ దారి మూసేస్తాడు. కాలేజీలో టీమ్ అంతా ఇతని చుట్టూ ఆడుతుంది, అక్కడికెళ్తే తను ఐదుగురిలో నాలుగోవాడో ఐదోవాడో. అందుకే ఫార్వర్డ్ అనగానే నేను మొదట అడిగేది, ఎవరెవర్ని ఆపగలడు, బాల్ చేతిలో లేనప్పుడు ఏం చేస్తాడు అని.

నంబర్లలో అయితే ఫ్రీ త్రో (ఫౌల్ అయితే ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్) శాతం తప్పకుండా పెట్టండి, షాట్ చెయ్యి అసలు ఎలా ఉందో అది చెప్తుంది. ఒక సీజన్‌లో వేసే త్రీలు తక్కువ, ఆ శాతం మోసం చేస్తుంది, పైగా కాలేజీ లైన్ 22 అడుగుల చిల్లర, ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు. కవాయ్ లెనర్డ్‌ది చూడు, శాన్ డియేగో స్టేట్‌లో రెండేళ్లూ కలిపి త్రీలు 25 శాతమే, ఫ్రీ త్రోలు మాత్రం 75 శాతం దగ్గర. చేతులు చాపితే 7 అడుగుల 3 అంగుళాలు. 2011లో 15వ పిక్‌గా వెళ్లాడు, స్పర్స్ టీమ్ వాళ్లు షాట్ సరిచేశారు, 2014లో 2019లో ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో బెస్ట్ ప్లేయర్).

వయసు కూడా పెట్టండి, ఇది చాలామంది వదిలేస్తారు. కూపర్ ఫ్లాగ్ డ్యూక్‌లో 2024-25 సీజన్ మొదలుపెట్టినప్పుడు 17 ఏళ్లు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి 19.2 పాయింట్లు, 4.2 అసిస్ట్‌లు (తోటివాళ్లకి పాయింట్లు తెచ్చిన పాస్‌లు), డాలస్ అతన్ని ఫస్ట్ పిక్‌గా తీసుకుంది. అవే 19 పాయింట్లు 23 ఏళ్లవాడు పద్దెనిమిదేళ్ల పిల్లల మీద కొడితే దాని విలువ వేరు.

డర్హమ్ నుంచి:
అన్నయ్య చెప్పింది కరెక్టే, నేను ఒకటి కలుపుతాను. తమ్ముడూ, "ప్రొఫెషనల్" అంటే ఏంటో ముందు మీ గ్రూప్ తేల్చుకోండి. ఎన్‌బీఏలో 30 టీమ్‌లు, ఒక్కోదాంట్లో 15 మంది, ఇంకో ముగ్గురు టూ-వే కాంట్రాక్ట్ (ఎన్‌బీఏకీ, దాని కింది జీ లీగ్‌కీ మధ్య తిరిగే ఒప్పందం) మీద, అంతే. జీ లీగ్, స్పెయిన్, టర్కీ, జపాన్‌లో జీతం తీసుకుని ఆడేవాళ్లూ ప్రొఫెషనల్సే కదా. చాపెల్ హిల్ యూనివర్సిటీలో టైలర్ హాన్స్‌బ్రో 2,872 పాయింట్లు కొట్టాడు, ఏసీసీలో అంత ఎవరూ కొట్టలేదు, 2009లో 13వ పిక్, ఎన్‌బీఏలో ఏడు సీజన్లు ఎక్కువగా బెంచ్ నుంచే ఆడి తర్వాత చైనా వెళ్లాడు. ఇక్కడ చాలామంది "ఫెయిల్" అంటారు, నేనస్సలు ఒప్పుకోను, ఏడేళ్లు ఆ లీగ్‌లో ఉండటం మాటలా.

ఇంకోటి మన ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకి బాగా అర్థమయ్యేది. 2021 జులై నుంచి పేరు, ఫొటో వాడుకున్నందుకు కాలేజీ ప్లేయర్లకి డబ్బులు రావడం మొదలైంది, ఎన్‌ఐఎల్ అంటారు. కెంటకీలో ఆస్కర్ షీబ్వే అని కాంగో నుంచి వచ్చిన ఫార్వర్డ్, మ్యాచ్‌కి 15.1 రీబౌండ్లు (మిస్సైన షాట్ బాల్ పట్టుకోవడం), 2022లో దేశంలోనే బెస్ట్ ప్లేయర్ అవార్డులు. అతనిది కూడా స్టూడెంట్ వీసానే, ఇక్కడ కాలేజీ బయట అనుమతి లేకుండా పని చేసి సంపాదించడానికి లేదు, టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ఆ డీల్స్ చేసుకున్నాడు. 2023లో డ్రాఫ్ట్ అవ్వలేదు, టూ-వే మీద ఇండియానాలో చేరాడు. సంగతేంటంటే, ఈ డబ్బు వచ్చాక చాలామంది డ్రాఫ్ట్‌కి తొందరపడకుండా కాలేజీలోనే ఉండిపోతున్నారు, కోవిడ్ వల్ల ఇచ్చిన ఎక్స్‌ట్రా ఏడాది వేరే, కాబట్టి 2021కి ముందు డేటాతో ట్రైన్ చేసి ఇప్పటివాళ్ల మీద వాడితే వయసు దగ్గర మోడల్ బోల్తా కొడుతుంది. రెండూ విడగొట్టి చూడండి.

కొత్త స్టూడెంట్, రాలీ:
థాంక్యూ అన్నా, అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. డేటా ఎక్కడ తీసుకోవాలి? మ్యాచ్‌కి వెళ్తే ఏం చూడాలి?

కేరీ నుంచి:
స్పోర్ట్స్ రిఫరెన్స్‌లో, బార్ట్ టోర్విక్ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, కెన్‌పామ్ సైట్‌కి డబ్బు కట్టాలి, మీకు అవసరం లేదు. మ్యాచ్‌లు లెనోవో సెంటర్‌లో, మెయిన్ క్యాంపస్ నుంచి నడిచే దూరం కాదు, కారున్నవాళ్లతో వెళ్లు. మొదటి హాఫ్ 20 నిమిషాలూ బాల్‌ని చూడకు, ఒకే ఫార్వర్డ్‌ని చూడు. తను కాచుకునే ఎదుటి టీమ్‌వాడు స్క్రీన్ పెట్టినప్పుడు (అడ్డం నిలబడినప్పుడు) గార్డ్ మీదకి మారుతున్నాడా, నడుము వంచి పక్కకి జరుగుతున్నాడా లేక నిటారుగా నిలబడి చెయ్యి చాపుతున్నాడా, షాట్ మిస్సైతే వెనక్కి పరిగెడుతున్నాడా లేదా అని రాసుకో. ఇది ఏ టేబుల్‌లోనూ ఉండదు.

ఒక్క మాట, నార్త్ కరోలినాలో 2024 మార్చి నుంచి ఫోన్‌లో బెట్టింగ్ లీగల్, క్లాస్‌మేట్స్ యాప్ పెట్టుకోమంటారు, మోడల్ ఉంది కదా అని ఫీజు డబ్బులు మాత్రం అందులో పెట్టొద్దు. మ్యాచ్‌కి మీ గ్రూప్‌లో ఒకళ్లని తీసుకెళ్లు, చిన్నప్పట్నుంచి చూస్తున్నవాళ్లు, అడిగితే సంతోషంగా చెప్తారు. ప్రాజెక్ట్ అయ్యాక రిజల్ట్ ఇక్కడ పెట్టు, చూడాలని ఉంది.