టేకాఫ్ అయిన నిమిషానికే విమానం జారిపోతున్నట్టు ఎందుకుంటుంది? ఈ భయం తగ్గేదెలా?

ప్రశ్న (నేలమీదేనయం):
మూడు వారాల్లో నాలుగు గంటల విమాన ప్రయాణం ఉంది. పైకి లేచిన నిమిషానికి ఇంజన్ల హోరు తగ్గి కడుపులో ఏదో జారినట్టు అవుతుంది చూడండి, నా భయమంతా అక్కడే. తర్వాత కుదుపులు మొదలైతే వేళ్ళకు తిమ్మిర్లు, ఊపిరి ఆడనట్టు ఉండటం. "కారు కన్నా విమానమే క్షేమం" అనే లెక్కలు తెలుసు, వాటితో పని జరగట్లేదు. మాత్ర వేసుకుని ఎక్కేయడం మంచిదా?

రెక్కపక్కసీటు:
ఆ జారుడు చెవి చేసే మోసం అండీ. టేకాఫ్‌కి ఇంజన్లను ఎక్కువ శక్తితో నడుపుతారు. నేల నుంచి సుమారు 1000–1500 అడుగులు ఎక్కాక ఆ శక్తిని కొంత తగ్గిస్తారు. ముక్కు కాస్త దించి, వేగం పెంచి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున చాచి ఉంచే పలకలు) లోపలికి లాగుతారు. లోపలి చెవికి వేగం తెలియదు, వేగంలో వచ్చే మార్పే తెలుస్తుంది. పైకి తోసే ఊపు తగ్గగానే "పడిపోతున్నాం" అని కబురు పంపేస్తుంది. విమానం మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. ముందు సీటు తెరమీద మ్యాప్ ఉంటే ఎత్తు అంకె చూడండి.

మిగతా చప్పుళ్ళు: నేల వదిలిన కొన్ని సెకన్లకు కాళ్ళ కింద ధన్‌మంటే చక్రాలు లోపలికి వెళ్ళాయని. గిర్రుమనే మోటారు మోత ఫ్లాప్స్‌ది. దిగేటప్పుడు గడగడలాడితే రెక్కల మీద స్పీడ్ బ్రేకులు, అంటే వేగం తగ్గించే పలకలు, లేచి ఉంటాయి. ఎయిర్‌బస్ ఎ320 రకాల్లో నేలమీద ఉండగా కుక్క మొరిగినట్టు వినిపించేది, రెండు హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో భాగాల్ని కదిలించే) వ్యవస్థల మధ్య ఒత్తిడిని అందించే పరికరం. దీని గురించి ఎవరూ ప్రకటన చేయరు, అందుకే జనం హడలిపోతారు.

కుదుపుల సంగతి. ప్రయాణంలో రాగల అతి పెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా రెక్కల్ని కడతారు. బోయింగ్ 777 రెక్కను 1995లో కావాలనే విరిగేదాకా వంచారు, అది విరిగింది ఆ అతి పెద్ద భారానికి 154 శాతం దగ్గర. కుదుపుల్లో నిజమైన ప్రమాదం బెల్టు పెట్టుకోనివాళ్ళకే. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద బిగుతుగా ఉండాలి. రెక్కల దగ్గరి సీటులో ఊగు తక్కువ, తోక దగ్గర ఎక్కువ. పొద్దున్నే బయలుదేరితే నేల వేడెక్కక ముందు కాబట్టి కింది ఎత్తుల్లో కుదుపులు తగ్గుతాయి. పైకి వెళ్ళాక ఆ లాభం ఉండదు.

నెమ్మదిశ్వాస:
పై వివరణ బాగుంది, ఒక్క సవరణ. ఎత్తు అంకెను ఒకటి రెండు సార్లు చూస్తే సరే, పది సెకన్లకోసారి చూస్తే అదే ఊతకర్ర అవుతుంది. సీటు చేతిని గట్టిగా పట్టుకోవడం, సిబ్బంది ముఖాలు గమనించడం, వాతావరణం పదేపదే వెతకడం కూడా అంతే. క్షేమంగా దిగాక మెదడు ఆ ఘనతంతా వాటికే ఇస్తుంది, భయం ఉన్నచోటే ఉంటుంది.

మీ తిమ్మిర్లు గాలి చాలక వచ్చేవి కావు. అవసరానికి మించి గాలి పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వచ్చేవి. ముక్కుతో 4 సెకన్లు తేలికగా పీల్చి, 6 సెకన్లు వదలండి. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాలు, ఈరోజు నుంచే. విమానంలో మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు.

ఈ మూడు వారాలూ రోజూ అరగంట, క్యాబిన్ లోపల తీసిన టేకాఫ్ వీడియో ఒకటే మళ్ళీమళ్ళీ చూడండి, ఇంజన్ హోరు తగ్గే చోటు వినపడేంత శబ్దంతో. ముందు "ఏమవుతుందనుకుంటున్నాను" అన్నది ఒక వాక్యం రాసి, భయానికి 0 నుంచి 100 లోపు మార్కు వేయండి. అయ్యాక నిజంగా ఏమైందో పక్కనే రాయండి. రెండో వారం నుంచి తిరిగే కుర్చీలో ఒక నిమిషం గిర్రున తిరిగి, ఆ కడుపు జారుడును కావాలని తెచ్చుకోండి. గుండె జబ్బు, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇది చేయకూడదు.

నేలమీదేనయం:
అందరూ "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు కదా?

నెమ్మదిశ్వాస:
మీ విషయంలో అదే తప్పు సలహా. మీరు ఇప్పటికే ఎక్కువ పీలుస్తున్నారు. వదలడం పొడుగ్గా ఉండాలి, పీల్చడం చిన్నగా.

మందులచీటీ:
మాత్ర గురించి. విమాన భయం ఉన్నవాళ్ళకు ఆల్ప్రజోలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చి చూసిన అధ్యయనం 1997లో వచ్చింది. మొదటి ప్రయాణంలో ఆందోళన తగ్గిందన్నారు, కానీ గుండె వేగం పెరిగింది. వారం తర్వాత మాత్ర లేకుండా ఎక్కితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కన్నా వీళ్ళే ఎక్కువ హడలిపోయారు. ఎప్పుడో ఒక్కసారి ఎక్కేవాళ్ళకు డాక్టర్ రాసిస్తే తప్పు లేదు. తరచూ ఎక్కాల్సినవాళ్ళకు ఆ దారి నేను చెప్పను. వాడితే మద్యంతో కలపొద్దు, శ్వాస మందగిస్తుంది. మొదటి మాత్ర విమానంలో వేసుకోవద్దు, అది మీకెలా పడుతుందో ముందే ఇంట్లో తెలియాలి. కదలకుండా గంటల తరబడి మత్తుగా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది.

రెక్కపక్కసీటు:
ఎక్కేటప్పుడు తలుపు దగ్గరి సిబ్బందితో "నాకు భయం" అని ఒక్క మాట చెప్పండి. కుదుపులప్పుడు ఒళ్ళు బిగించకండి. బిగిస్తే ప్రతి ఊగూ ఇంకా గట్టిగా తెలుస్తుంది. భుజాలు వదిలేసి, బెల్టు మాత్రం బిగించి ఉంచండి.