"శ్రుతి మించి రాగాన పడింది": రాగాన పడితే తప్పేమిటి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నిన్న ఇంట్లో పిల్లల ఆట ముదిరి ఏడుపుల దాకా వచ్చింది. "చూశారా, శ్రుతి మించి రాగాన పడింది" అన్నాను. మా అమ్మాయి ఈ మధ్యే సంగీతం క్లాసులో చేరింది లెండి. "రాగంలో పడితే మంచిదే కదా నాన్నా? మా టీచర్ మెచ్చుకుంటారు" అంది. నాకు జవాబు తోచలేదు. శ్రుతి మించడం తప్పే అనుకుందాం. రాగాన పడటం తప్పెలా అవుతుంది? అలాగే ఈ మాటని శృతి అని రాయాలా, శ్రుతి అని రాయాలా? రెండూ కనిపిస్తున్నాయి.

జవాబు:

ముందు తేలికైనది. శ్రుతి అనే రాయాలి. వినడం అనే అర్థం ఉన్న 'శ్రు' ధాతువు నుంచి వచ్చిన మాట ఇది. శ్రోత, శ్రవణం, విశ్రుతం అన్నీ ఆ ఇంటి పిల్లలే. శృంగారం, శృంఖలం వంటి మాటల్లో ఉన్నది ఋకారం, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆడపిల్లల పేర్లలో శృతి స్థిరపడిపోయింది. పేరు పెట్టుకున్నవాళ్ళ ఇష్టం, అందులో మనం వేలు పెట్టక్కర్లేదు.

ఇక అసలు సంగతి. పాడేవాళ్ళ నోట శ్రుతి అనే మాట కనీసం మూడు పనులు చేస్తుంది. అవి విడదీసుకోకపోతే ఈ సామెత అర్థం కాదు.

మొదటిది చోటు. "మీ శ్రుతి ఎంత?" అని అడిగితే ఆధార షడ్జం, అంటే పాటకు ఆధారమైన 'స', ఎక్కడ పెట్టుకుంటారని. మన 'స'కి స్థిరమైన చోటు లేదు, ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్ళు పెట్టుకుంటారు. ఆ చోటును చెప్పడానికి హార్మోనియం మెట్లే కొలత. పాశ్చాత్యులు సి అనే తెల్ల మెట్టు మనకు ఒకటి శ్రుతి, డి రెండు, ఈ మూడు, అలా బి దగ్గర ఏడు. మధ్యలో నల్ల మెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర ఏదని చూస్తే కనిపించదు, మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టే లేదు కాబట్టి! అందుకే "నాది మూడున్నర శ్రుతి" అని ఎవరైనా అంటే నవ్వు ఆపుకోవాలి. సినిమా పాటలు పాడేవాళ్ళు ఇదే సంగతిని "స్కేల్ ఎంత?" అని అడుగుతారు. నిజానికి స్కేల్ అంటే స్వరాల వరుస, ఆరోహణ అవరోహణల లాంటిది. వాళ్ళడిగేది కీ. అయినా వాడుకలో పాతుకుపోయింది, అర్థమూ అవుతోంది, వదిలేద్దాం.

రెండోది కొలమానం. నాట్యశాస్త్రంలో భరతుడు ఒక స్థాయిని, అంటే ఒక 'స' నుంచి పై 'స' దాకా ఉన్న మేరను, 22 శ్రుతులుగా పంచాడు. షడ్జగ్రామం అనే పాత స్వరాల అమరికలో స రి గ మ ప ద ని లకు వరుసగా 4, 3, 2, 4, 4, 3, 2. ఇక్కడ శ్రుతి అంటే చెవి పసిగట్టగల చిన్న తేడా. 'రి', 'ద' స్వరాల్లో రకాలైన చతుశ్శ్రుతి రిషభం, షట్శ్రుతి ధైవతం అనే పేర్లలో మిగిలింది ఈ శ్రుతే. (చతుశ్రుతి అని ఒక్క శకారంతో అచ్చువేస్తుంటారు. విసర్గ సంధి జరిగి అక్కడ రెండు శకారాలు ఉండాలి.)

మూడోది పని. శ్రుతి చేయడం, శ్రుతి కలపడం. తంబురా శ్రుతి చేసేవాళ్ళను దగ్గర కూర్చుని చూడండి. నాలుగు తంత్రులు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ముందు తంత్రిని బిగించే బిరడా తిప్పి దాదాపుగా తెస్తారు. తర్వాత కింద పూసను వెంట్రుక వాసి జరుపుతారు. చివర్లో తంత్రి కింద చిన్న దారప్పోగు పెట్టి అటూ ఇటూ నెడుతుంటే, ఒక చోట ఉన్నట్టుండి తంత్రి ఝుమ్మంటుంది. ఆ దారాన్ని జీవ అంటారు. ఎంత సరైన పేరో! కచేరీలో పాట కన్నా ముందు ఈ తతంగం జరుగుతుంది, వినేవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు.

ఇప్పుడు సామెత దగ్గరికి. 'మించు' అనగానే మనకు 'ఎక్కువ కావడం' తోస్తుంది. కానీ దాటిపోవడం కూడా మించడమే. గడువు మించింది, వేళ మించింది అంటాం కదా. 'రాగాన పడు'లో ఉన్న 'పడు' కింద పడటం కాదు. దారిన పడ్డాడు, పని గాడిన పడింది, బెల్లం పాకాన పడింది. వీటన్నిట్లో ఒక దశకు చేరుకోవడమే అర్థం. అలా చూస్తే శ్రుతి మించి రాగాన పడటమంటే శ్రుతి చేసుకునే ఘట్టం దాటి రాగాలాపనలోకి దిగిపోవడం. ఊరికే తంత్రులు సవరించుకుంటున్నారని మనం కబుర్లలో ఉండగానే అసలు కచేరీ మొదలైపోయింది! చిన్నగా మొదలైన వ్యవహారం మన కళ్ళముందే ముదిరిపోయిందనడానికి ఇంతకన్నా మంచి పోలిక ఏముంది? కాబట్టి మీ అమ్మాయి అన్నది సబబే. రాగాన పడటంలో తప్పు లేదు, అది తర్వాతి మెట్టు అంతే. తప్పల్లా మనం ఆ లోగా ఆపకపోవడం.

వీణ నేర్చుకుంటున్న సభ్యురాలు:

బాగుందండీ, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. "శ్రుతి మించిన చనువు", "వేళాకోళం శ్రుతి మించింది" అని రాగం ప్రసక్తి లేకుండానే అంటున్నాం కదా. అక్కడ శ్రుతి అంటే హద్దు. దశ దాటడం అనే మీ అర్థం అక్కడ ఎలా కుదురుతుంది? పైగా రాగం అంటే ఏడుపు కూడా. "ఏమన్నానని రాగం తీస్తున్నావు?" అని పిల్లల్ని అంటాం. పరాచికం హద్దు దాటి ఏడుపులోకి దిగింది అనే అర్థం నాకు సూటిగా కనిపిస్తోంది.

మళ్ళీ జవాబు:

రాగం తీయడం నాకు తట్టలేదు సుమండీ. ప్రశ్న వేసినవారి ఇంట్లో నిన్న జరిగిన సంగతికి మీ అర్థమే అతికినట్టు సరిపోతుంది, ఆట కాస్తా ఏడుపైంది కాబట్టి. అయితే నాకో సందేహం. మీ క్లాసులో స్వరం పైకి జారితే ఏమంటారు? శ్రుతి ఎక్కింది, తగ్గింది, తప్పింది, కలవలేదు అనడం విన్నాను. శ్రుతి మించింది అనడం సంగీతం చెప్పేవాళ్ళ నోట నేను వినలేదు. స్వరం హద్దు దాటడమే ఈ మాటకు మూలమైతే అది పాఠాల్లో వినబడాలి కదా? తోక తెగిపోయి "శ్రుతి మించింది" అని సగమే మిగిలాక, ఆ సగానికి హద్దు అనే అర్థం అంటుకుందని నా అభిప్రాయం. ఇప్పుడు మాత్రం హద్దే దాని అర్థం, అందులో మీతో పేచీ లేదు.

వీణ నేర్చుకుంటున్న సభ్యురాలు:

నిజమే, మా టీచర్ కూడా "శ్రుతి ఎక్కిపోతోంది, తంబురా విను" అనే అంటారు. మించింది అనరు. సగం ఒప్పుకున్నాను!

ఇంకో సభ్యుడు:

పత్రికల వాళ్ళ "ఉత్సవంలో అపశ్రుతి"ని మర్చిపోయారు. పందిరి కూలినా అపశ్రుతే, తొక్కిసలాట జరిగినా అపశ్రుతే. స్వరం తప్పడానికీ మనిషి ప్రాణం పోవడానికీ ఒకే మాట వాడటం నాకు నచ్చదు. ప్రమాదం అంటే సరిపోతుంది కదా. సంగీతం నుంచి వచ్చిన మాటల్లో నాకు నచ్చేది సన్నాయి నొక్కులు.

జవాబు:

అపశ్రుతి విషయంలో మీతో ఏకీభవిస్తాను. సన్నాయి నొక్కుల గురించి ఒక మాట. నొక్కు అనేది ఒక గమకం పేరు కూడా. స్వరాన్ని ఊపడం, జార్చడం వంటి సొగసులను గమకాలంటారు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులో రాసిన పుస్తకం. అందులో స్వరాల మీద గమకాలకు గుర్తులు వేశారు. కంపితం, స్ఫురితం వంటి సంస్కృత పేర్ల పక్కనే నొక్కు, జారు అనే తేట తెలుగు పేర్లు ఉంటాయి. సన్నాయిలో వేళ్ళు రంధ్రం మూసినంత మాత్రాన స్వరం తేలదు. ఊపిరి బలంతో, పెదవుల బిగింపుతో స్వరాన్ని కాస్త ఇటూ అటూ నెట్టాలి. బయటికి మెత్తగా వినిపిస్తూ లోపల నొక్కుతూ ఉంటుంది. సూటిగా తిట్టకుండా తియ్యగా ఎత్తిపొడిచేవాళ్ళ మాట కూడా అచ్చం అంతే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. రెండు అర్థాలూ మా అమ్మాయికి చెప్పాను. ఏడుపు అర్థం తమ్ముడికీ, కచేరీ అర్థం తనకీ అని పంచేసుకుంది. చివరిగా ఒకటి. తన నోట్సులో ఒక చోట 'స' అనీ, ఒక చోట 'సా' అనీ, మధ్యలో కామాలూ ఉన్నాయి. అచ్చుతప్పులా?

జవాబు:

కాదండీ. హ్రస్వం ఒక అక్షర కాలం, దీర్ఘం రెండు. మన గుణింతమే అక్కడ కాలానికి కొలత అయింది. కామా ఉంటే ముందున్న స్వరాన్ని ఇంకో అక్షరం సాగదీయాలి, సెమికోలన్ అయితే రెండు. అక్షరం పైన చుక్క ఉంటే తారస్థాయి, అంటే పై స్థాయి; కింద ఉంటే మంద్రస్థాయి, అంటే కింది స్థాయి. ఆ చుక్కలు తుడిచేయకుండా చూడండి.