క్యాంపస్ కట్టడంలోనే పదేళ్లు గడపడం ఆర్కిటెక్టుకి కెరీరా, కాదా?

మాసాబ్‌ట్యాంక్_బ్యాచ్
మాసాబ్‌ట్యాంక్ ఆర్కిటెక్చర్ కాలేజీలో చదువు ముగించి 9 ఏళ్లయింది. ఇన్నాళ్లూ ప్రైవేటు ఆఫీసులో విల్లాలు, అపార్ట్‌మెంట్లు గీశాను. ఇప్పుడు నగరం బయట ఒక యూనివర్సిటీ కొత్త క్యాంపస్ కడుతోంది, ప్రాజెక్ట్ ఆర్కిటెక్టుగా రమ్మంటున్నారు. హాస్టళ్లు, ల్యాబులు, లైబ్రరీ అన్నీ అయ్యేసరికి పదేళ్లు పట్టొచ్చు. మా సార్ మాత్రం "అందులో దిగితే నీ పేరు ఎక్కడా వినపడదు, డిజైన్ మర్చిపోతావు" అంటున్నారు. మీరేమంటారు?

సైట్_ఇంజనీర్
మీ సార్ చెప్పింది నిజమే తమ్ముడూ. నేను 20 ఏండ్ల నుంచి సైట్ల మీదనే ఉన్న. క్యాంపస్‌ల ఆర్కిటెక్టు మాట చెల్లేది డ్రాయింగ్ వరకే. టెండర్ తక్కువ రేటు వేసినోనికి పోతది. ఆయన కిటికీ సెక్షన్ మార్చాలంటడు, టైల్ మార్చాలంటడు. ఎం.బుక్కుల, అంటే చేసిన పనిని లెక్కరాసే పుస్తకంల, కొలతలు ఎక్కించేది, బిల్లు మీద సంతకం పెట్టేది ఇంజనీరు. సంతకం లేనోళ్ల మాట ఎవరు వింటరు? మంచి పనిమంతురాలు, ఒక ఆర్కిటెక్టు మేడం, నా కండ్ల ముందే మూడేండ్లకు రాజీనామా పెట్టి పోయింది.

గుట్టకింద_హాస్టల్
సంతకం సంగతి ఒప్పుకుంటాను అన్నా. అందుకే చేరేముందే ఆర్డరులో రాయించుకోవాలి, ఆర్కిటెక్టు రాసి ఇవ్వనిదే డ్రాయింగ్‌లో ఏదీ మారదని. నేను రాయించుకోలేదు. మొదటి హాస్టల్లో పడమటి గదులకి 2 అడుగుల సజ్జలు గీస్తే, ఖర్చు తగ్గుతుందని అడుగు చేశారు. ఏప్రిల్ వచ్చేసరికి పిల్లలు కిటికీలకి దుప్పట్లు కట్టుకున్నారు. ప్రైవేటు ఆఫీసులో ఉంటే తాళాలు అప్పగించి వెళ్లిపోయేవాణ్ణి, ఆ దుప్పట్లు నాకు కనపడేవి కావు. అక్కడే ఉన్నాను కాబట్టి రెండో హాస్టల్ గదులన్నీ ఉత్తర దక్షిణాలకి తిప్పాను, బట్టలారేసుకోవడానికి ప్రతి అంతస్తులో చోటు పెట్టాను. మూడోదానికి బండల్ని పేల్చకుండా వాటి మధ్యనుంచే మెట్లు నడిపాం. వాన పడితే ఆ బండల మధ్య నీళ్లు ఎటు పారతాయో తెలుసుకోవడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. సర్వే మ్యాపులో అది లేదు. ఇది డిజైన్ మర్చిపోవడమా?

తార్నాక_పాతకాపు
పేరు విషయంలో మాత్రం మీ సార్ భయం నిజమేనండీ. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ అనగానే నమూనా ఇచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్‌ని తల్చుకుంటారు, కైరో పక్కన హీలియోపోలిస్‌లో పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్టు. 1934లో పునాది పడి 1939లో తలుపులు తెరిచిన ఆ గులాబి గ్రానైట్ కట్టడాన్ని ఇక్కడుండి నడిపించినవాడు నవాబ్ జైన్ యార్ జంగ్. అంతకుముందు ఆయన్నీ సయ్యద్ అలీ రజానీ దేశదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. ఓయూలో చదివినవాళ్లలోనే ఆ ఇద్దరి పేర్లు ఎంతమందికి తెలుసు? నేను ఐదేళ్లు ఆ మెట్ల మీద కూర్చుని చదివాను, అప్పట్లో నాకే తెలియదు.

సైట్_ఇంజనీర్
గుట్టకింద తమ్మీ, గట్ల నిలబడి చూసే ఆర్కిటెక్టు నాకు దొరకలే. దొరికితే ఎం.బుక్కు పట్టుకొని నేనే ఎన్క నిలబడ్త. కానీ ఇంజనీరుకు ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ అని మెట్లున్నయి. ఆర్కిటెక్టుకు చేరినకాడనే ఆఖరు. పిల్లల ఫీజులు ఎట్ల?

గుట్టకింద_హాస్టల్
ఆ ఒక్క మెట్టు మీదే 14 ఏళ్లు ఉన్నానన్నా, జీతం సంగతి మీరన్నట్టే. ఇంట్లో మాట్లాడుకునే దిగాలి. ఒకటి మాత్రం చెప్తాను: 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలైన హైదరాబాద్ ఐఐటీ కందికి మారింది 2015లో. ఆ తర్వాతా కడుతూనే ఉన్నారు. క్యాంపస్ అంటే అంత కాలం. మధ్యలో ఆర్కిటెక్టు మారిన ప్రతిసారీ మొదటి హాస్టల్లో నేర్చుకున్నది పోతుంది.

మాసాబ్‌ట్యాంక్_బ్యాచ్
అందరికీ థాంక్స్. వాళ్లకి మెయిల్ పెట్టి రెండు అడిగాను. నేను రాసి ఇవ్వనిదే డ్రాయింగ్ మారకూడదు, బిల్లు మీద ఇంజనీరుతోపాటు నా సంతకం ఉండాలి. మొదటిదానికి సరేనన్నారు, రెండోది ఫైనాన్స్‌కి పంపారట. ఈ వారం వానలున్నాయంటున్నారు. పడిన రోజే స్థలం చూడ్డానికి వెళ్తాను.