పాట శ్రీసభను నిలదీస్తే కతోలికులం ఏం చేయాలి?

రెండోవరుస:
మా గాయకబృందంలో పోయిన వారం పెద్ద వాదన జరిగింది. శ్రీసభను, అంటే కతోలిక సంఘాన్ని, విమర్శించిన గాయకుల పాటలేవీ వినకూడదని, ఫోన్లో ఉంటే తీసేయాలని ఒకరు పట్టుబట్టారు. సగం మంది సరేనన్నారు. నేను అనలేకపోయాను. ఎందుకో చెబుతాను, తప్పయితే సరిదిద్దండి.

1992 అక్టోబరు 3న ఐర్లాండ్ గాయని షినేడ్ ఓకానర్ అమెరికా టీవీ కార్యక్రమం సాటర్డే నైట్ లైవ్‌లో వాయిద్యాలేవీ లేకుండా బాబ్ మార్లే పాట ఒకటి పాడింది. అందులో పిల్లల మీద జరిగే అఘాయిత్యాల మాట తనే చేర్చింది. చివర్లో రెండవ జాన్ పాల్ పోపుగారి ఫోటో కెమెరా ముందు పట్టుకుని ముక్కలు చేసింది. "అసలు శత్రువుతో పోరాడండి" అంది. 13 రోజుల తర్వాత న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వేదిక ఎక్కితే జనంలోంచి ఛీకొట్టే కేకలు. అనుకున్న పాట వదిలేసి, ఆ టీవీ పాటనే అరిచినట్టు పాడి దిగిపోయింది. ఆమె రికార్డులను రోడ్డు రోలరుతో తొక్కించారు కూడా.

తర్వాత ఏమైంది? పిల్లలను చెరిచిన గురువులను (ఫాదర్లను) శిక్షించకుండా ఒక గుడి నుంచి ఇంకో గుడికి మారుస్తూ వచ్చారని 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది. 2009లో ఐర్లాండ్‌లో ఇలాంటి అఘాయిత్యాల మీద ప్రభుత్వం వేసిన విచారణల నుంచి రయన్ నివేదిక, మర్ఫీ నివేదిక వచ్చాయి. డబ్లిన్ అగ్రపీఠం (ఆర్చిబిషప్పు పాలించే ప్రాంతపు శ్రీసభ) పిల్లల క్షేమం కన్నా తన పరువునే ముందు చూసుకుందని మర్ఫీ నివేదిక తేల్చింది. 2010 మార్చిలో పదహారవ బెనెడిక్ట్ పోపుగారు ఐర్లాండ్ విశ్వాసులకు లేఖ రాసి క్షమాపణ చెప్పారు.

ఆ పాటకూ ఆ లేఖకూ మధ్య పదిహేడేళ్లు దాటాయి. చిరిగిన ఫోటో గురించి మండిపడ్డవాళ్లలో ఎందరు "ఈ అమ్మాయి ఏ పిల్లల గురించి మాట్లాడుతోంది?" అని అడిగారు? నన్ను తినేస్తున్నది ఆ ప్రశ్నే.

మౌనప్రార్థన:
బ్రదర్, మీ బాధ అర్థమైంది. నా వైపు నుంచి కూడా చూడండి. పోపుగారి ఫోటో మనకు ఉత్త కాగితం కాదు. కన్నవాళ్ల ఫోటో ఒకరు చించితే, కారణం ఎంత గొప్పదైనా ముందు గుండె గుభేలుమంటుంది. ఆ నొప్పిని తప్పని ఎలా అంటారు?

పైగా అందరూ షినేడ్‌లు కారు. 1989లో అమెరికా గాయని మడోన్నా తన పాట వీడియోలో మండే సిలువలు చూపించింది. వాటికన్ ఖండించింది, జనం బహిష్కరిస్తామన్నారు, ఆమెతో తీసిన ప్రకటనను పెప్సీ ఆపేసింది. ఎవరి మీదా చెయ్యి పడలేదు. నచ్చనిదాన్ని కొనబోమని చెప్పే హక్కు అందరికీ ఉన్నట్టే మనకూ ఉంది కదా. 2006లో ఆమే రోమ్ నగరంలో, వాటికన్‌కు అంత దగ్గరలో, ముళ్ల కిరీటం పెట్టుకుని సిలువ మీద వేలాడుతూ పాడింది. అదీ ఊరుకోవాలా?

చదువరి:
సిస్టర్, ఆ 2006 పాటలో ఇంకో సంగతి ఉంది. ఆమె సిలువ మీద ఉండగా వెనక తెర మీద ఒక అంకె పెరుగుతూ పోయేది. ఆఫ్రికాలో ఎయిడ్స్ వల్ల అనాథలైన పిల్లల లెక్క అది, 1 కోటి 20 లక్షలు. పద్ధతి నాకూ నచ్చలేదు. కానీ వార్తల్లో సిలువే మిగిలింది, ఆ పిల్లలు మిగల్లేదు. మన ఖండనలోనూ అంతే.

నిషేధాల గురించి ఒక మాట. 1978లో అమెరికా గాయకుడు బిల్లీ జోయెల్ పాట ఒకటి కతోలిక అమ్మాయిని ఉద్దేశించి ఉందని కొన్ని రేడియో స్టేషన్లు ఆపేశాయి. ఆ నిషేధాల పుణ్యమే అమ్మకాలు పెరిగాయని అతనే చెప్పాడు.

అసలు ఈ గొడవ పాప్ సంగీతంతో మొదలు కాలేదు. 1803లో జర్మనీలో బెనెడిక్టీన్ మఠంలో దొరికిన కార్మినా బురానా అనే మధ్యయుగపు పాటల రాతప్రతి చూడండి. రోమ్‌లో డబ్బు లేనిదే తలుపు తెరుచుకోదని వెటకరించే పాటలు అందులో ఉన్నాయి. రాసినవాళ్లలో చాలామంది గురువిద్య చదువుకున్నవాళ్లే! ఇక మధ్యయుగపు ఇటలీ కవి డాంటే. తన కావ్యంలో మూడవ నికోలస్ పోపును నరకంలో బండ గుంతలో తలకిందులుగా దించి, అరికాళ్లకు మంట పెట్టాడు. ఎనిమిదవ బోనిఫేస్ కోసం అదే చోటు సిద్ధంగా ఉందని అక్కడే చెప్పించాడు. అలాంటి కవి చనిపోయి 600 ఏళ్లు అయినప్పుడు, 1921లో, పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు అతన్ని మన కవి అని మెచ్చుకుంటూ విశ్వలేఖ (శ్రీసభ అంతటికీ పోపు రాసే లేఖ) రాశారు. పోపుల మీద అతను విసిరిన మాటలను దాచలేదు. అప్పటి గురువుల నడత అలా ఉండేదని కూడా ఒప్పుకున్నారు.

తంబుర:
నాదో చిన్న గీత. దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పాన్ని), సిలువను ఎగతాళి చేస్తే నేను లేచి వెళ్లిపోతాను. గురువులనో, పీఠాధిపతులనో (బిషప్పులనో), పోపుగారినో నిలదీస్తే కూర్చుని వింటాను. ఈ రెండూ ఒకటి కావు.

వినమని చెప్పింది కూడా శ్రీసభే. 1965లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన గౌదియుమ్ ఎత్ స్పేస్ అనే పత్రం 44వ పేరాలో, తనను ఎదిరించేవాళ్ల వల్ల, హింసించేవాళ్ల వల్ల కూడా తనకు చాలా మేలు జరిగిందని, ఇంకా జరుగుతోందని ఒప్పుకుంది.

మౌనప్రార్థన:
డాంటే పేరు తెచ్చారు, బాగుంది. అతను శ్రీసభ బిడ్డగా ఉండి తిట్టాడు. ఇల్లు బాగుపడాలని తిట్టేవాళ్లు వేరు, ఇల్లే కూలిపోవాలని తిట్టేవాళ్లు వేరు. నేటి గాయకుల్లో నాకు రెండోవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. 2013లో ఐర్లాండ్ నుంచే హోజియర్ అనే గాయకుడి పాట వచ్చింది, గుడి మాటలనే తీసుకుని గుడి మీదికి తిప్పాడు. నా తమ్ముడు రోజూ అదే వినేవాడు. ఇప్పుడు పూజకు రావడం లేదు. పాట వల్లే అని అనను. కానీ అది వినిపించినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

రెండోవరుస:
సిస్టర్, మీ తమ్ముడి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ నొప్పికి నా దగ్గర జవాబు లేదు.

ఇల్లు కూల్చేవాళ్లని షినేడ్‌ను మాత్రం అనకండి. ఆ ఫోటో ఆమె తల్లిది. 1979లో పోపుగారు ఐర్లాండ్ వచ్చినప్పటిదట. తల్లి పడకగది గోడ మీద ఉండేది. ఆ తల్లి చేతుల్లోనే తను చిన్నప్పుడు చిత్రహింసలు పడ్డానని షినేడ్ చెప్పుకుంది. 1985లో తల్లి పోయాక ఆ ఫోటో తీసి ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకుంది. దేవుణ్ణి వదిలిందా అంటే, లేదు. 1999లో రోమ్‌తో సంబంధం లేని ఒక బిషప్పు చేత గురుపట్టం వేయించుకుంది. మన శ్రీసభ దాన్ని ఒప్పదు, నేనూ ఒప్పను. 2018లో ఇస్లాం స్వీకరించింది, 2023 జులైలో పోయింది. బతికినన్నాళ్లూ దేవుణ్ణి వెతికిన మనిషి శ్రీసభ మీద పగబట్టిందని నేను అనలేను.

2019లో ఫ్రాన్సిస్ పోపుగారు వోస్ ఎస్తిస్ లుక్స్ ముంది అనే శాసనం ఇచ్చారు. ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో (ఒక బిషప్పు కిందుండే ప్రాంతంలో) ఉండి తీరాలని అందులో ఉంది. ఆ పాట మళ్లీ విన్న రాత్రి, మా మేత్రాసనంలో ఎవరికి చెప్పాలో వెతికాను. ఇరవై ఏళ్లుగా పాడుతున్న గుడి, ఆ పేరు నాకు తెలియదు. మా గురువుగారిని అడిగితే ఫోన్ నంబరు ఇచ్చారు. దాన్ని గాయకబృందం గ్రూపులో పెట్టాను.

మౌనప్రార్థన:
మా మేత్రాసనంలో ఎవరో నాకూ తెలియదు. ఆదివారం పూజ అయ్యాక అడుగుతాను. ఆమె ఫోటో చించడం మాత్రం నేను ఇప్పటికీ చూడలేను బ్రదర్. పాట వరకు వింటాను.