క్యారెట్, ఆకుకూర, పండ్ల పానీయం: వడకట్టాలా వద్దా, రాత్రే చేసి పెట్టొచ్చా?

పొద్దుటిగ్లాసు:

జ్యూసర్ లేదు, మామూలు 750 వాట్ల మిక్సీయే. నలుగురికి పొద్దున్న ఒక్కో గ్లాసు వచ్చేలా రెండు రకాలు నడుస్తున్నాయి.

ఎర్రది: పచ్చి క్యారెట్ 300 గ్రాములు, బీట్‌రూట్ 100, తొక్క తీసిన నారింజలు రెండు, అల్లం ముక్క, నీళ్ళు 400 మి.లీ. అన్నీ ఒకేసారి వేసి తిప్పడం, వడకట్టడం. పచ్చది: పాలకూర రెండు గుప్పెళ్ళు, కీరా ఒకటి, ఆపిల్ ఒకటి, అరటిపండు ఒకటి, నీళ్ళు. దీన్ని వడకట్టడం లేదు.

ఎర్రది పది నిమిషాల్లో పైన నీళ్ళు, కింద మడ్డిగా విడిపోతోంది. పైగా చేసినప్పుడు తియ్యగానే ఉంటుంది, గంట ఆగితే చేదు. పచ్చదానిలో ఆకు పీచు పంటికి తగులుతోంది, కాసేపటికే మట్టిరంగులోకి దిగుతోంది.

వడకడితే పోషకాలు పిప్పితోనే పోతున్నట్టా? రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? తాగేవాళ్ళలో షుగర్ ఉన్న పెద్దావిడ, అయిదేళ్ళ పాప ఉన్నారు. అందరికీ ఒకే కొలత సరిపోతుందా?

పిప్పిప్రియ:

వడకట్టడం ఆపేయండి, మీ సమస్యల్లో సగం అక్కడే తీరుతుంది. పిప్పిలో పోయేది పీచు ఒక్కటే కాదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏ గా మారే నారింజ రంగు పదార్థం) కణాల గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పచ్చి క్యారెట్‌ని మిక్సీలో తిప్పి పిండితే దానిలో చాలా భాగం పిప్పిలోనే ఉండిపోతుంది. పిండేశాక కూడా పిప్పి అంత నారింజ రంగులో ఉందంటే అర్థం అదే.

దీనికి మందు ఆవిరి. క్యారెట్, బీట్‌రూట్ వేలెడు మందాన కాకుండా అర సెంటీమీటరు చక్రాలుగా తరిగి, 7, 8 నిమిషాలు ఆవిరి మీద పెట్టండి. చాకు మొన తేలిగ్గా దిగితే చాలు, ముద్దయిపోనక్కర్లేదు. వేడికి గోడలు సడలుతాయి, మిక్సీలో వెన్నలా నలుగుతాయి, వడకట్టే పనే ఉండదు. విటమిన్ సి కొంత పోతుంది, నిజమే. కానీ క్యారెట్‌ని మనం విటమిన్ సి కోసం తాగడం లేదు, ఆ పని నారింజది.

బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. 3 నుంచి 5 గ్రాములు సరిపోతుంది, అంటే చెంచాడు నూనె, లేదా నానబెట్టిన బాదం పప్పులు పది. బాదం వేస్తే ఇంకో లాభం, పానీయం చిక్కబడి మడ్డి అంత త్వరగా కిందికి దిగదు.

నాలుగు గ్లాసులకు, గ్లాసు 200 మి.లీ. అనుకుంటే: ఆవిరి పట్టిన క్యారెట్ 200 గ్రాములు, బీట్‌రూట్ 80, బాదం 10, అల్లం 5 గ్రాములు, నీళ్ళు 350 మి.లీ., నారింజలు రెండు, నిమ్మరసం పెద్ద చెంచాడు. నారింజ, నిమ్మ తప్ప మిగతావన్నీ 150 మి.లీ. నీళ్ళతో నిమిషం పాటు మెత్తగా తిప్పి, తర్వాత మిగిలిన నీళ్ళు పోయండి. ముందే నీళ్ళన్నీ పోస్తే ముక్కలు బ్లేడుకి దొరక్కుండా ఈదుతుంటాయి.

చేదు సంగతి: నారింజ గింజల్లో, తొనల పొరల్లో, తెల్లటి దూదిలో చేదుకి మూలపదార్థం ఉంటుంది. దానికదిగా చేదు లేదు. రసంలోని పులుపు తగిలాక మెల్లగా లిమొనిన్‌గా మారుతుంది, చేదు దానిదే. అందుకే చేసినప్పుడు తియ్యగా, గంటకి చేదుగా ఉంటోంది. నేవెల్ రకం నారింజల్లో ఇది మరీ ఎక్కువ. నారింజని మిక్సీలో వెయ్యకుండా, చేత్తో పిండి ఆఖర్న కలపండి. పీచు కూడా కావాలంటే గింజలు, తెల్ల పొరలు తీసిన తొనలు వేసి పది సెకన్లు తిప్పి ఆపేయండి.

బీట్‌రూట్ మట్టి వాసన కొడితే తొక్క మందంగా తీయండి. ఆ వాసన ఇచ్చే జియోస్మిన్ తొక్కలోనే ఎక్కువ. నిమ్మ పులుపు దాన్ని ఇంకొంత విరుస్తుంది.

మిక్సీమోత:

పచ్చదాని సంగతి నేను చెప్తాను.

పీచు తగలడానికి కారణం అన్నీ ఒకేసారి వెయ్యడం. జార్‌లో ముందు 150 మి.లీ. నీళ్ళు, వాటి మీద ఆకు, అంతే. 45 సెకన్లు తిప్పండి. ఆకుపచ్చ నీళ్ళయ్యాక మెత్తటి పండ్లు, ఆ పైన గట్టివి. జార్ మూడింట రెండు వంతులు దాటకూడదు. తిప్పుతుంటే మోత ఉన్నట్టుండి సన్నబడి, మోటారు ఉరుకుతూ, పైన సరుకు మాత్రం కదలకుండా కూర్చుందంటే బ్లేడు చుట్టూ గాలి బుడగ పట్టిందని అర్థం. అలాగే ఎంతసేపు తిప్పినా మోటారు వేడెక్కడం తప్ప ఏమీ నలగదు. ఆపి, గరిటెతో కిందికి నొక్కి, రెండు మూడు చెంచాల నీళ్ళు పోసి మళ్ళీ తిప్పండి. మొత్తం మీద నిమిషంన్నర దాటొద్దు. ఎక్కువ తిప్పితే నురగ వస్తుంది, నురగంటే గాలి, గాలంటే రంగుకీ విటమిన్ సి కీ చేటు.

రంగు మారడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి, వాటికి మందులు ఒకదానికొకటి పడవు. చిక్కంతా ఇక్కడే. ఆపిల్, అరటి నలిగితే వాటిలోని ఎంజైము గాలితో కలిసి గోధుమ రంగు పుట్టిస్తుంది. నిమ్మరసం దాన్ని ఆపుతుంది. కానీ ఆకు పచ్చదనానికి పులుపు శత్రువు. పత్రహరితంలోంచి మెగ్నీషియం ఊడిపోయి, రంగు పాచిపట్టినట్టవుతుంది. చల్లగా ఉంటే మెల్లగా, వేడిగా ఉంటే చకచకా.

మధ్యేమార్గం ఇది. పాలకూరని మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి, వెంటనే చల్లటి నీళ్ళలో వేసి, పిండండి. ఆకులోని ఎంజైములు చచ్చిపోతాయి, పీచు మెత్తబడుతుంది. ఆపిల్ ముక్కలకి మాత్రం నిమ్మరసం పట్టించి ఆఖర్న వెయ్యండి, చేసిన పావుగంటలో తాగేయండి. రంగు నిలవడానికి వంట సోడా వేసే పద్ధతొకటి తిరుగుతోంది, దాని జోలికి పోకండి. రంగు నిలుస్తుంది, విటమిన్ సి, బి1 పోతాయి.

ఆకు ఉడికించిన ఆ నీళ్ళు పారబోయండి, పోషకాలుంటాయని దాచి ఉంచకండి. 100 గ్రాముల పచ్చి పాలకూరలో ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్ళకి దారితీసే పదార్థాలు) 600 మి.గ్రా. పైనే ఉంటాయి. నీళ్ళలో కరిగేవి ఉడికిస్తే నీళ్ళలోకి దిగుతాయి. మీ రెండు గుప్పెళ్ళు నలుగురికి పంచితే భయపడేదేం లేదు. రోజూ ఒక్కరే కట్టెడు పచ్చి ఆకు తాగితే కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇంతకుముందు కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు పాలకూర మానేసి లెట్యూస్, కేల్ లాంటివి వాడుకోవాలి.

కీరా తరిగేముందు తొడిమ వైపు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదుగా ఉంటే కాయంతా పారేయండి. దోస, గుమ్మడి, సొర జాతి కాయల్లో అసాధారణంగా చేదు ఉంటే అది కుకర్బిటాసిన్ అనే విషం. ఉడికించినా పోదు, పండ్ల తీపిలో రుచి మరుగున పడుతుంది కాబట్టి జ్యూస్‌లో మరీ ప్రమాదం.

అరటి గురించి ఒక మాట. 2023లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనంలో, అరటిపండు కలిపిన పానీయం తాగినవాళ్ళ ఒంట్లో ఫ్లావనాల్స్ (బెర్రీలు, కోకోల్లో ఉండే, గుండెకి మేలుచేసే పదార్థాలు) 84 శాతం తక్కువగా కనిపించాయి. కారణం పైన చెప్పిన గోధుమ రంగు ఎంజైమే. బెర్రీలు, కోకో లాంటివి వేసినప్పుడు అరటి వద్దు. మీ పచ్చదానిలో నష్టం అంత పెద్దది కాదు, చిక్కదనం కోసమే అయితే బదులు పెరుగు 100 గ్రాములు వేసుకోండి.

పొద్దుటిగ్లాసు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. వడకట్టకపోతే చిక్కగా ఉంటుంది కదా, పాలు పోసి పలచన చేయొచ్చా? రాత్రి చేసి పెట్టే సంగతి ఇంకా మిగిలింది.

నిమ్మచెక్క:

పాలు ఎర్రదానిలో వద్దు, నారింజ పులుపుకి విరుగుతాయి. తాగితే హాని లేదు, చూడ్డానికే బాగోదు. కివీ, పచ్చి అనాస వేసినప్పుడైతే పాలైనా పెరుగైనా కాసేపటికి చేదెక్కుతాయి. వాటిలోని ఎంజైములు పాల మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తాయి, చేదు ఆ ముక్కలదే. అనాసని రెండు నిమిషాలు ఉడికించి వేస్తే ఈ గొడవ ఉండదు. పలచన చేయడానికి నీళ్ళే మేలు.

ఇక రాత్రి సంగతి. అందరూ విటమిన్ల గురించే అడుగుతారు, అసలు అడగాల్సింది సూక్ష్మజీవుల గురించి. నారింజ రసం పుల్లనిది, నిండుగా పోసి మూత పెట్టి చల్లగా ఉంచితే ఒక రాత్రికి పోయే విటమిన్ సి కొంచెమే. కీరా, పచ్చి క్యారెట్ కలిపితే లెక్క మారుతుంది. వాటిలో విటమిన్ సి ని విరిచే ఎంజైము ఉంది, పులుపు తక్కువైతే అది జోరుగా పనిచేస్తుంది. అందుకే కీరా ఉన్న పానీయం నిలవ పెట్టకూడదు.

క్యారెట్ రసంలో పులుపు దాదాపు లేదు, పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దాకా ఉంటుంది. 4.6 పైన ఉండి, గాలి చొరబడని సీసాలో, చల్లదనం లేకుండా ఉంటే బొట్యులిజం క్రిమి విషం తయారుచేయగలదు. 2006లో అమెరికా, కెనడాల్లో సీసాలో అమ్మిన క్యారెట్ రసం తాగి మనుషులు పక్షవాతం వచ్చినట్టు పడిపోయారు. సీసాలు చల్లగా ఉంచకపోవడమే కారణమని తేల్చారు. నిమ్మరసం పిండామన్న ధైర్యంతో బయట ఉంచకండి. 4.6 కిందికి దిగిందో లేదో నాలుక చెప్పలేదు.

పుల్లటివి కూడా పూర్తిగా నమ్మదగినవి కావు. 1996లో అమెరికాలో వేడి చేయని ఆపిల్ రసం వల్ల ఈ. కొలై అనే బాక్టీరియా సోకి ఒక పసిబిడ్డ చనిపోయింది. పండు లోపల శుభ్రమే, మురికి తొక్క మీద ఉంటుంది, చాకు దాన్ని లోపలికి మోసుకెళ్తుంది. తొక్క తీసేవైనా సరే, ముందు ధారగా పడే నీళ్ళ కింద రుద్ది కడగండి. గట్టి దుంపలకి బ్రష్ వాడండి. సబ్బు అక్కర్లేదు. మిక్సీ మూత రబ్బరు వాషరు ఊడదీసి కడిగారా లేదా చూసుకోండి, దాని కింద పేరుకునే జిగట మరునాటి గ్లాసులోకే వస్తుంది.

కాబట్టి నా లెక్క: పానీయం కాదు, సరంజామా రాత్రి సిద్ధం చేయండి. క్యారెట్, బీట్‌రూట్ ఆవిరి పట్టి, చల్లారనిచ్చి, డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు బాగుంటాయి. ముంచి తీసిన పాలకూరని కొద్ది నీళ్ళతో రుబ్బి ఐస్ ట్రేలో గడ్డ కట్టించండి, గ్లాసుకి ఒక గడ్డ. పొద్దున్న పని మూడు నిమిషాలే. తప్పక రాత్రే చేయాల్సి వస్తే ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉండాలి, సీసా మూతి దాకా నింపాలి, 24 గంటల్లో అయిపోవాలి. బయట రెండు గంటలు దాటితే పారబోయడమే.

కొలగిన్నె:

పిప్పిప్రియ గారితో ఒక్క చోట విభేదిస్తాను. వడకట్టడం ఎప్పుడూ తప్పు అనలేం. పేగు వాపు ఉన్నవాళ్ళకి, పీచు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళకి వడకట్టే ఇవ్వాలి. సన్న గుడ్డ కాకుండా పెద్ద కన్నాల జల్లెడ వాడితే గుజ్జు కొంతైనా దిగుతుంది. మిగిలిన పిప్పి అదే రోజు సూప్‌లోనో, పిండిలోనో కలిపేయండి.

షుగర్ ఉన్నావిడకి వేరే కొలత ఉండాలి. నారింజ రసం 250 మి.లీ. లో చక్కెర 20 గ్రాముల పైనే. పండులో ఉన్నప్పుడు అది సహజమైనదే, రసం తీశాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని విడి చక్కెర కిందే లెక్కేస్తుంది. 2015 నాటి వాళ్ళ సూచన ప్రకారం రోజు మొత్తం శక్తిలో విడి చక్కెరలు 10 శాతం లోపు ఉండాలి. 2000 కేలరీలకు అది 50 గ్రాములు, 25కి దించితే మరీ మంచిదన్నారు. కాబట్టి ఆవిడకి పచ్చదే మేలు. ఆపిల్ సగానికి తగ్గించి, అరటి తీసేసి, పెరుగు వేసి, 150 మి.లీ. చాలు. అదీ పరగడుపున కాకుండా తిండితో పాటు. తాగిన రెండు గంటలకి గ్లూకోమీటరుతో ఓసారి చూస్తే ఆవిడకి ఏది పడుతుందో తెలిసిపోతుంది.

పాపకి 120 మి.లీ. పోయండి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో పండ్ల రసానికి పెట్టిన హద్దు 4 నుంచి 6 ఏళ్ళ వాళ్ళకి 120 నుంచి 180 మి.లీ. ఏడాది లోపు పిల్లలకి అసలు వద్దన్నారు. బాదం బాగా నలిగిందా చూడండి, పలుకులుంటే గొంతుకి అడ్డం పడొచ్చు.

మందులు వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే: రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూర ఒకరోజు మానేసి ఒకరోజు గ్లాసుడు తాగకూడదు, విటమిన్ కె ఎక్కువ తక్కువలైతే మందు లెక్క తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పొటాషియం గురించి డాక్టర్‌ని అడక్కుండా ఈ రెండూ తాగొద్దు. బీట్‌రూట్ తాగాక మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి, కొందరికి అంతే.

పొద్దుటిగ్లాసు:

చివరి సందేహం. పాలకూర గడ్డలు తిప్పేటప్పుడు కూడా ఆకుల్లాగే కిందే వెయ్యాలా?

మిక్సీమోత:

కాదండి, గడ్డలు పైనే. కింద వేస్తే బ్లేడు ఎగిరెగిరి కొట్టి ఇరుక్కుపోతుంది. నీళ్ళు, పెరుగు, పండ్లు ముందు నలిగాక గడ్డలు వేసి, మూత గట్టిగా పట్టుకుని రెండేసి సెకన్ల చొప్పున అయిదారుసార్లు ఆపి ఆపి తిప్పండి. రాయి తగిలినట్టు చప్పుడు ఆగాక పది సెకన్లు నడిపితే సరి. గడ్డల చల్లదనం ఉంటుంది కాబట్టి నీళ్ళు ఫ్రిజ్‌వి అక్కర్లేదు, మామూలువే పోయండి.