పేగు ఆపరేషన్ అయిన పసికందుకు ప్రోబయోటిక్స్ ఇవ్వొచ్చా?

పసివాడి_పిన్ని:
మా అక్క కొడుకు పేగులు పొట్ట బయట ఉండి పుట్టాడు, గాస్ట్రోస్కైసిస్ అన్నారు. ఆపరేషన్ అయింది. పోషణ ఇంకా సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) నుంచే, ట్యూబులో చుక్క చుక్కగా పాలు మొదలయ్యాయి. ప్రోబయోటిక్ (మేలు చేస్తుందని ఇచ్చే బతికున్న బ్యాక్టీరియా) ఇవ్వమంటే డాక్టరుగారు ఒప్పుకోలేదు. అది ఇచ్చి చూసిన ఒడిశా అధ్యయనంలో పసిపిల్లలకు సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్) బాగా తగ్గిందట కదా! మావాడికెందుకు వద్దు?

ఎన్‌ఐసీయూ_నర్సు:
2017లో వచ్చిన ఆ అధ్యయనం గట్టిదే అమ్మా. నాలుగున్నర వేలమందికి పైగా పిల్లలు. సెప్సిస్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగింది. అయితే వాళ్లు 35 వారాలు నిండి, కనీసం 2 కిలోల బరువుతో పుట్టి, తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యవంతులు. మీవాడి పేగు గోడ వాచి ఉంటుంది, కదలిక మందగిస్తుంది. ఆ గోడ దాటి బతికున్న సూక్ష్మజీవి రక్తంలో పడితే అదే సెప్సిస్. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసుపత్రులను హెచ్చరించింది అందుకే: నెలలు నిండని ఒక బిడ్డ, ప్రోబయోటిక్‌గా ఇచ్చిన బ్యాక్టీరియా వల్లనే సెప్సిస్ వచ్చి చనిపోయింది. 2014లో ఇంకో బిడ్డను బలిగొన్నది ప్రోబయోటిక్ పొడిలో కలిసిన బూజు.

సూక్ష్మజీవశాస్త్ర_విద్యార్థి:
నర్సుగారూ, ఆ ఇద్దరూ నెలలు నిండని పిల్లలు. పేగు ఆపరేషన్ అయినవాళ్లందరినీ అదే గాటన కట్టేస్తే ఎలా? ఇవ్వకపోతే ప్రమాదం లేదనుకోవడమూ సరికాదు. రోజుల తరబడి నోటికి పాలు లేవు, పైన యాంటీబయాటిక్స్. ఖాళీ పడిన పేగులో క్లెబ్సియెల్లా లాంటి హానికర బ్యాక్టీరియా తిష్ఠ వేస్తాయి, రక్తంలోకి అవీ చొరబడతాయి. గాస్ట్రోస్కైసిస్ పిల్లలకే బిఫిడోబ్యాక్టీరియా అనే ప్రోబయోటిక్ ఇచ్చి చూసిన చిన్న ట్రయల్ ఉంది. మలంలో సూక్ష్మజీవుల తీరు మారింది.

ఎన్‌ఐసీయూ_నర్సు:
మారింది. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు కదండీ! నాకు కావాల్సింది ఆ రోజులు తగ్గడం. మలం రిపోర్టు బాగుందని బిడ్డను ఇంటికి పంపలేం. పైగా పేగు చాలా భాగం తీసేసిన పిల్లల్లో లాక్టోబాసిల్లస్ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు డీ-లాక్టేట్ అనే ఆమ్లపదార్థం తయారుచేసి రక్తంలో ఆమ్లం పెంచగలవు, బిడ్డ మగతగా పడి ఉంటుంది. పిన్నిగారూ, మీ అక్కగారిని పాలు పిండడం మాత్రం ఆపవద్దనండి. ముర్రుపాలు దాచి ఉంటే బుగ్గల లోపల రాయొచ్చేమో డాక్టరుగారిని అడగండి.

సూక్ష్మజీవశాస్త్ర_విద్యార్థి:
తల్లిపాల విషయంలో మనకు తేడా లేదు. దుకాణంలో కొన్న పొడి వద్దని నేనూ అంటాను. కానీ ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించిన, ఏ రకమో కచ్చితంగా తెలిసిన మందు ఉన్నచోట, పేగు పొడవు సరిపడా ఉండి పాలు అరుగుతున్న బిడ్డకు ట్రయల్‌లో ఇచ్చి చూడాలి. భయపడి అధ్యయనాలే ఆపేస్తే జవాబు ఎప్పటికి వస్తుంది?

ఎన్‌ఐసీయూ_నర్సు:
ట్రయల్ అంటే సరే. ఒక షరతు: ఏ రకం ఇస్తున్నారో ల్యాబ్‌కు ముందే చెప్పాలి. బిఫిడోబ్యాక్టీరియా గాలి లేనిచోట పెరిగేది. రక్తం మామూలు కల్చర్ సీసాలోనే (సూక్ష్మజీవిని పెంచి చూసే, గాలి ఉండే సీసా) పంపితే దొరక్కపోవచ్చు. నెగెటివ్ అని రిపోర్టు వస్తుంది, బిడ్డ మాత్రం నీరసించిపోతూనే ఉంటుంది.