బోనిఫాస్‌ని ఆఫ్రికాన్స్ నాటకానికి ఆద్యుడు అనవచ్చా?

గోదారిగట్టు:
షార్ల్ ఎతియెన్ బోనిఫాస్ 1787లో పారిస్‌లో పుట్టాడు. 1807లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ చేరి, సంగీతం, భాషలు నేర్పుతూ బతికాడు. ఫ్రెంచిలో, డచ్చిలో నాటకాలు రాశాడు. 1832లో అచ్చయిన ఆయన ప్రహసనం 'డ టెంపెరాంటిస్టెన్'లో కేప్ వీధుల డచ్చి వినిపిస్తుంది. తర్వాత ఆఫ్రికాన్స్ అనే వేరే భాష అయింది ఆ మాటే. ఆ భాష కోసం పార్ల్‌లో సంఘం పుట్టింది 1875లో. దానికి 43 ఏళ్ల ముందే అచ్చులోకి తెచ్చినవాణ్ని ఆద్యుడు అనకపోతే ఎలా?

ఓరుగల్లు పిల్ల:
ఎవరి నోట వినిపించాడో కూడా చూడాలండీ. ఆ మాట ఆడేది కొయ్‌ఖోయ్ పాత్రలు, అంటే కేప్ మూలవాసులు. ఒకడి పేరు క్లాస్ గాల్గెవోగల్. అంటే ఉరికంబం పిట్ట! పేరులోనే నేరస్థుణ్ని చేసేశాడు. మద్యపానం మాన్పించే సంఘాన్ని వెక్కిరిస్తూ మిషనరీ జాన్ ఫిలిప్‌నీ అందులోకి లాగాడు. ఆ ఫిలిప్ కొయ్‌ఖోయ్‌ల హక్కుల కోసం పోరాడినవాడు. 1828లో 50వ ఆర్డినెన్స్ అనే కేప్ చట్టం, తిరగాలంటే పాసు చూపించాల్సిన బాధ వాళ్లకి తప్పించింది. నాలుగేళ్లు తిరగకుండా ఈ ప్రహసనం.

మన సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ యాస విలన్‌కో, కమెడియన్‌కో తప్ప హీరోకి దక్కలేదు. హాలంతా నవ్వుతుంటే, మా నాన్న మాట్లాడేదీ ఇట్లనే కదా అని నాకు గొంతు పట్టేసేది. యాసని తెర మీదికి తెచ్చారని వాళ్లకి దండలేస్తామా?

గోదారిగట్టు:
మీ నాన్నగారి మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. వెక్కిరింతను నేను సమర్థించను. కానీ చదువుకున్నవాళ్లు డచ్చిలోనో ఇంగ్లీషులోనో రాసే రోజులవి. పుట్టినప్పటి నుంచి వింటున్నవాళ్లకి అది రాయదగ్గ మాట అనిపించలేదు. భాషలు నేర్పి బతికే పరాయివాడి చెవికి అనిపించింది. ఆ ఘనతైనా ఇవ్వండి.

ఓరుగల్లు పిల్ల:
చెవికి ఇస్తాను. ఆద్యుడనే పేరు మాత్రం ఇవ్వను. ఆ భాషని మలిచినవాళ్లలో కొయ్‌ఖోయ్‌లున్నారు, డచ్చి ఓడల్లో అమ్ముడుపోయిన బానిసలున్నారు. మన కోరమండల్ తీరం నుంచి పోయినవాళ్లూ ఉన్నారండీ అందులో. వలస వచ్చినవాణ్నే గౌరవించాలంటే అబూబకర్ ఎఫెందీ లేడా? ఒట్టొమన్ సామ్రాజ్యం నుంచి కేప్‌కి వచ్చి, అక్కడి ముస్లింల కోసం వాళ్ల మాటనే అరబ్బీ లిపిలో రాసి మతగ్రంథం చేశాడు. 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. అది చదివినవాళ్లు తమ మాట చూసి తలదించుకోవాల్సిన పని లేదు.